ఇంటి తాళము – కంప్యూటరు చిట్టా
గృహరక్షణ అలారములలో రహస్యసంఖ్యల భద్రత

ఇల్లు అనగా నాలుగు గోడలు, ఒక కప్పు మాత్రమే కాదు. మానవుడు నిశ్చింతగా కన్నుమూసి నిద్రింపగల చోటు ఇల్లు. ఆ నిశ్చింత కొరకే అతడు గడియను, తాళమును, పహరాను కల్పించుకొనెను. ఊరికి పోవునపుడు తలుపునకు తాళము వేసి, మరల ఒకసారి లాగి చూచి, తాళపుచెవిని నమ్మకమైన పొరుగువారి చేతిలో పెట్టు అలవాటు మన ఇండ్లలో నేటికిని కలదు. ఆ పొరుగువారిని ఎన్నుకొనుటలో మనము ఎంతయో ఆలోచింతుము.

నేడు నగరములలో అనేక గృహములకు ఇనుప తాళముతో పాటు అంకెల తాళము కూడ వచ్చినది. తలుపు ప్రక్కన గోడకు బిగించిన చిన్న పలకపై నాలుగు అంకెలు నొక్కినచో అలారము మేల్కొనును. మరల నొక్కినచో నిద్రించును. ఆ నాలుగు అంకెలు ఎచ్చట వ్రాయబడియున్నవి? ఆ వ్రాత ఎవరి అధీనములో నున్నది? దానిని చదువగలవారు ఎందరు? ఈ ప్రశ్నలను మాత్రము మనలో పలువురు వేసికొనుట లేదు. తాళము మన గుమ్మమునందే యున్నను, దాని చెవి ఎచ్చటనో దూరమున ఒక కంప్యూటరు చిట్టాలో నున్నదను సత్యమును విశదపరచుటయే ఈ వ్యాసోద్దేశము.

అలారము పూర్వచరిత్ర

విద్యుచ్ఛక్తితో పనిచేయు దొంగల అలారమునకు అమెరికాలో బోస్టను నగర సమీపవాసియగు ఆగస్టస్ రస్సెల్ పోప్ 1853లో పేటెంటు పొందెను. దాని నిర్మాణము మిక్కిలి సులభము. తలుపు గాని కిటికీ గాని తెరచినచో విద్యుద్వలయము పూర్తియగును. అయస్కాంతము కదలి గంట మ్రోగును. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులను కొని, దానిని గొప్ప వ్యాపారముగా పెంపొందించెను. తరువాత న్యూయార్కులో నర్సుగా పనిచేయుచుండిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను మహిళ తన భర్తతో కలిసి, వాకిట నిలిచినవారిని ఇంటిలోపల తెరపై చూచుటకును, వారితో మాటలాడుటకును, అవసరమైనచో సహాయము కోరుటకును వీలగు యంత్రమును రూపొందించి 1966లో పేటెంటునకు దరఖాస్తు చేసెను. 1969లో ఆ పేటెంటు లభించినది.

పోప్ యంత్రములో ఒక తీగ, ఒక బ్యాటరీ, ఒక గంట మాత్రమే కలవు. అందు రహస్యము ఏదియు లేదు. కావున రహస్యమును దాచవలసిన అవసరమును లేదు. ఎప్పుడు అలారమును ఆపుటకు రహస్యసంఖ్య ప్రవేశించినదో, అప్పుడే ఆ సంఖ్యను వ్రాసి యుంచు చిట్టా కూడ పుట్టినది. నాటినుండి గృహరక్షణ అనునది గంటకు సంబంధించిన విషయముగా గాక, చిట్టాకు సంబంధించిన విషయముగా మారినది.

నేటి యంత్రములోని భాగములు

నేటి గృహరక్షణ ఏర్పాటులో ముఖ్యభాగములు నాలుగు. మొదటిది సెన్సారులు. తలుపు చట్రమునకు బిగించిన అయస్కాంతపు మీట తలుపు తెరచినట్లు తెలుపును; గదిలో మూలనుంచిన మరియొక పరికరము మనుష్యుని దేహము వెలువరించు పరారుణ కిరణములలోని మార్పును గుర్తించును. రెండవది అంకెల పలక. మూడవది వీనినన్నింటిని నడుపు ప్యానెలు. నాలుగవది దూరమున నున్న పర్యవేక్షణ కేంద్రము. ఇంటిలో గంట మ్రోగినంతనే ఆ కేంద్రమునకు వార్త చేరును. అచ్చటి ఉద్యోగి యజమానికి ఫోను చేసి, తరువాత పోలీసులకు తెలియజేయును.

ఈ కేంద్రములోని డేటాబేసులో నుండు వివరములను గమనింపుడు. యజమాని పేరు, చిరునామా, ఫోను సంఖ్యలు, ఇంటిలో ఏ తలుపునకు సెన్సారు కలదో తెలుపు పట్టిక, అత్యవసర సమయమున పిలువదగిన బంధువుల పేర్లు మొదలగునవి అందు ఉండును. వీనికి తోడు రహస్యసంఖ్యలు కూడ ఒకటి గాక పలు విధములుగా నుండును. యజమానికి ఒకటి, కుటుంబసభ్యులకు వేరువేరుగా కొన్ని, యంత్రమును అమర్చు పనివానికి ఒకటి. బెదిరింపునకు లోబడినపుడు నొక్కుటకై మరియొక సంఖ్య కూడ కొన్నింటియందు కలదు. దానిని నొక్కినచో అలారము ఆగినట్లే కనిపించును. కాని కేంద్రమునకు రహస్యముగా వార్త పోవును. ఇట్టి సంఖ్య బయటపడినచో, ప్రాణాపాయవేళ ఆదుకొనవలసిన ఉపాయము నిరర్థకమగును.

నాలుగు అంకెల బలమెంత?

సున్న నుండి తొమ్మిది వరకు గల పది అంకెలతో 10,000 నాలుగంకెల సంఖ్యలు ఏర్పడును. ఒక్కొక్క సంఖ్యను నొక్కుటకు 5 సెకండ్లు పట్టునని అనుకొన్నను, అన్నింటిని ప్రయత్నించుటకు 50,000 సెకండ్లు, అనగా దాదాపు 14 గంటలు కావలెను. ఐదు తప్పులకు ఒకసారి పలక 15 నిమిషములు మూగవోవునట్లు ఏర్పాటు చేసినచో, ఆ నిరీక్షణకే 20 దినములకు పైగా పట్టును. దొంగ అంతకాలము వాకిట నిలువలేడు గదా! కనుక సంఖ్య చిన్నదైనను, ప్రయత్నములకు హద్దు విధించుటచే దానికి బలము చేకూరుచున్నది.

అయితే మానవులు ఈ 10,000 సంఖ్యలను సమానముగా వాడుట లేదు. 2012లో, అంతకు మున్ను బయటపడిన పాస్‌వర్డుల జాబితాలనుండి 34 లక్షల నాలుగంకెల సంఖ్యలను తీసి పరిశీలింపగా, 1234 అను సంఖ్య ఒక్కటియే దాదాపు 11 శాతము ఆక్రమించినది. 1111 అను సంఖ్య 6 శాతము. మిక్కిలి వాడుకలో నున్న 20 సంఖ్యలను ప్రయత్నించినచో నూటికి 27 తాళములు తెరచుకొనునని తేలినది. జన్మసంవత్సరములను వాడినవారు కూడ పెక్కురు కలరు.

ఇచ్చట గణితాభిమానులగు విద్యార్థులకు ఆనందము గొలుపు విషయము ఒకటి కలదు. ఛందస్సు నేర్చునపుడు మనము ‘యమాతారాజభానసలగం’ అను సూత్రమును వల్లించితిమి. అందు పది అక్షరములే కలవు. కాని మొదటి అక్షరమునుండి మూడు, రెండవదానినుండి మూడు, ఈ విధముగా తీసికొనుచు పోయినచో య, మ, త, ర, జ, భ, న, స గణములు ఎనిమిదియు వరుసగా లభించును. ఎనిమిది గణములను విడివిడిగా వ్రాసినచో 24 అక్షరములు కావలెను. ఒకదానిపై నొకటి పొదిగినందున పదింటితో సరిపోయినది. ఇట్టి వరుసలను గూర్చి డచ్చి గణితవేత్త ద బ్రెయిన్ 1946లో శాస్త్రీయముగా వ్రాసెను. ఇదే సూత్రమును అంకెల పలకకు అన్వయింపుడు. ముగింపు మీట లేకుండ, చివర నొక్కిన నాలుగు అంకెలను మాత్రమే చూచు పలకకు 10,000 సంఖ్యలను ప్రయత్నించుటకు 40,000 నొక్కులు అక్కరలేదు. 10,003 నొక్కులు చాలును. 2015లో సామీ కామ్‌కార్ అను అమెరికా పరిశోధకుడు ఇట్టి వరుసనే రేడియో సంకేతములుగా పంపి, పాతరకపు గ్యారేజి తలుపులు పది సెకండ్లలోపల తెరచుకొనునని నిరూపించెను. పద్యమును జ్ఞాపకముంచుకొనుటకు ఉపకరించిన గణితమే తాళమును తెరచుటకును ఉపకరించినది. ప్రతి సంఖ్యకు పిదప ముగింపు మీట నొక్కవలెనను చిన్న నియమముతోను, తప్పుల లెక్కతోను ఈ ఉపాయము భగ్నమగును.

అంకెల పలకలో అరిగిన మీటలు కూడ రహస్యమును వెల్లడించును. నాలుగు మీటలు మాత్రమే అరిగియున్నచో ప్రయత్నింపవలసిన వరుసలు 24. మూడు మీటలు మాత్రమే అరిగియున్నచో, అనగా ఒక అంకె రెండుసార్లు వాడబడినచో, వరుసలు 36. కావున అంకెను తిరిగి వాడుట బలహీనతయని మనము తలచునది ఈ సందర్భమున నిజము కాదు.

చిట్టాలో వ్రాయు విధానము

గుమ్మము వద్ద నిలిచిన దొంగకు పలక అడ్డు. చిట్టాను చేజిక్కించుకొన్న దొంగకు పలకతో పనియే లేదు. అందుచే రహస్యసంఖ్యలను చిట్టాలో ఎట్లు వ్రాయవలెనను ప్రశ్న ప్రధానమైనది.

1960 దశకములో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో పలువురు ఒకే కంప్యూటరును పంచుకొని వాడుచుండిరి. ఆ దశకపు మధ్యకాలమున ఒకనాడు, లోనికి ప్రవేశించు ప్రతివారికి చూపు స్వాగత ప్రకటనకు బదులుగా, అందరి పాస్‌వర్డుల పట్టిక తెరపై వెలువడినది. ఇరువురు నిర్వాహకులు ఒకే సమయమున రెండు ఫైళ్ళను సవరించుచుండగా, వాని తాత్కాలిక ప్రతులకు ఒకే పేరుండుటచే ఒకటి మరియొకటిగా తారుమారైనది. ఇందు దొంగ ఎవడును లేడు, దురుద్దేశము లేదు. రహస్యములను ఉన్నవి ఉన్నట్లుగా వ్రాసి యుంచుటయే ఆ అనర్థమునకు మూలము.

దీనికి విరుగుడుగా వచ్చినదే హాష్ అను పద్ధతి. తిరుగలిలో బియ్యము పోసినచో పిండి వచ్చును. కాని పిండినుండి ఆ గింజను మరల తీయలేము. అట్లే ఒక గణితసూత్రము పాస్‌వర్డును మరియొక దీర్ఘసంఖ్యగా మార్చివేయును. డేటాబేసులో ఆ పిండిని మాత్రమే నిలువ చేయుదురు. యజమాని పాస్‌వర్డు ఇచ్చినపుడు దానిని మరల విసరి, రెండు పిండులు ఒకటియేనా అని పోల్చి చూతురు. ఈ విధముగా అసలు పాస్‌వర్డు ఎచ్చటను వ్రాయకుండగనే దానిని పరీక్షింపవచ్చును. ఈ రంగమున రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన వ్యాసము మిక్కిలి ప్రసిద్ధము. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 86 శాతము సులభముగా ఊహింపదగినవేయని అందు వెల్లడించిరి.

వారు వివరించిన ముఖ్యోపాయము ఉప్పు కలుపుట. ఇరువురు ఒకే పాస్‌వర్డును ఎన్నుకొన్నచో వారి పిండియు ఒకటియే యగును. ఒకటి తెలిసినచో రెండవదియు తెలిసిపోవును. కావున ప్రతివారి పాస్‌వర్డునకు వేరువేరుగా కొన్ని అక్షరములు చేర్చి పిదప విసరుదురు. ఈ చేర్పునకే సాల్ట్, అనగా ఉప్పు, అని పేరు. 2012లో లింక్డిన్ సంస్థనుండి దాదాపు 65 లక్షల హాష్‌లు బయటపడినపుడు వానిలో ఉప్పు లేకుండుటచే అనేకము త్వరగా ఛేదింపబడినవి. రెండవ ఉపాయము తిరుగలిని ఉద్దేశపూర్వకముగా మందగింపజేయుట. 1999లో వచ్చిన బీక్రిప్ట్, 2015లో అంతర్జాతీయ పోటీలో నెగ్గిన ఆర్గాన్2 ఇట్టివి. యజమానికి పావు సెకండు ఆలస్యము లెక్కలోనిది కాదు. కోట్ల ప్రయత్నములు చేయదలచిన దొంగకు మాత్రము అది గొప్ప ఆటంకము.

అయితే అలారము విషయములో ఒక చిక్కు కలదు. దీనిని గ్రహించుట అత్యావశ్యకము. రహస్యము నాలుగు అంకెలే అయినపుడు ఉన్న గింజలు 10,000 మాత్రమే. చిట్టాను అపహరించినవాడు ఒక్కొక్క గింజను తానే విసరి పోల్చి చూడగలడు. ఒక్కొక్కదానికి పావు సెకండు పట్టు మందపు తిరుగలియైనను మొత్తము 2,500 సెకండ్లు, అనగా 42 నిమిషముల లోపలనే పని ముగియును. ఆరు అంకెలైనచో పది లక్షల గింజలు. దాదాపు మూడు దినములు. అనగా చిన్న సంఖ్యను హాష్ ఒక్కటియే కాపాడజాలదు. అందుచే ఉప్పునకు తోడుగా మిరియము అను మరియొక ఏర్పాటును వాడుదురు. ఉప్పు చిట్టాలోనే ఉండును. మిరియము అనబడు రహస్యపు తాళము చిట్టాలో నుండక, వేరొక యంత్రమునందు బంధింపబడియుండును. చిట్టా పోయినను మిరియము దొరకనిదే గింజను పోల్చుట సాధ్యము కాదు. ధనము ఒకచోట, బీరువా తాళపుచెవి వేరొకచోట నుంచు గృహిణి వివేకమే ఇది.

పర్యవేక్షణ కేంద్రపు ఉద్యోగి ఫోనులో అడుగు రహస్యపదము మరియొక చిక్కు. ‘మీ గుర్తుమాట యేది?’ యని అడిగి, తన తెరపై నున్న మాటతో అతడు పోల్చుకొనును. కావున ఆ మాట అతనికి కనబడుచుండును. ఉద్యోగి తాను విన్న మాటను టైపు చేయగా కంప్యూటరే పోల్చి అవును, కాదు అని మాత్రము చెప్పునట్లు అమర్చుట ఇంతకంటె మేలు.

చిట్టాను చేరు దొంగదారులు

మొదటి దారి ఆకాశమార్గము. తీగలు లేని అలారములలో పలకనుండి ప్యానెలునకు రేడియో తరంగములే వార్త మోయును. సింప్లీసేఫ్ సంస్థవారి నాటి యంత్రములలో ఆ సంకేతములు రహస్యలిపిలో లేవనియు, ఒకసారి పట్టి యుంచుకొని మరల పంపినచో అలారము ఆగుననియు 2016లో ఒక పరిశోధన వెల్లడించినది. ఆ పరికరములలోని చిప్పులు ఒక్కసారి మాత్రమే వ్రాయదగినవగుటచే వాని సాఫ్ట్‌వేరును సవరించుటకు వీలులేక పోయినది. 2018లో ఆ సంస్థ కొత్త తరము యంత్రములను తెచ్చెను. విధానము రహస్యముగా నున్నంత మాత్రమున భద్రత కలుగదనియు, విధానము శత్రువునకు తెలిసినను తాళపుచెవి ఒక్కటి దాగియున్న చాలునట్లు నిర్మింపవలెననియు కెర్కాఫ్స్ అను పండితుడు 1883లోనే బోధించియుండెను.

రెండవ దారి దరఖాస్తు మార్గము. ఒక కచేరీలో గుమాస్తా ఉన్నాడనుకొనుడు. దరఖాస్తులో పేరు వ్రాయవలసిన గడిలో ఎవడో ‘రామయ్య, మరియు బీరువా తెరచి ఇతనికి ఇవ్వవలెను’ అని వ్రాసెను. గుమాస్తా అది పేరో, అధికారి ఆజ్ఞయో విచారింపక బీరువా తెరచినచో ఏమగును? డేటాబేసుల విషయమున సరిగా ఇట్టి మోసమే జరుగుచున్నది. దీనిని ఎస్.క్యు.ఎల్. ఇంజెక్షను అందురు. 1998లో ఇది తొలిసారిగా బహిరంగముగా వివరింపబడినది. 2015లో బ్రిటనులోని టాక్‌టాక్ అను టెలిఫోను సంస్థనుండి దాదాపు 1,57,000 ఖాతాదారుల వివరములు ఈ మార్గముననే పోయినవి. మరుసటి సంవత్సరము ఆ సంస్థకు 4 లక్షల పౌండ్ల జరిమానా పడినది. దీనికి విరుగుడు సులభము. ఆజ్ఞను వేరుగను, వాడుకరి నింపిన విలువను వేరుగను డేటాబేసునకు పంపవలెను; అప్పుడు గడిలోని మాట ఎన్నడును ఆజ్ఞ కాజాలదు.

మూడవ దారి అశ్రద్ధ. కర్మాగారములో పెట్టిన ప్రారంభపు పాస్‌వర్డును మార్చకయే వాడుట దీనిలో ముఖ్యము. 2016లో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము ఇట్టి ప్రారంభపు పాస్‌వర్డులు అరవై పైచిలుకు మాత్రమే దగ్గరుంచుకొని, ఇండ్లలోని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొనెను. 2021 మార్చిలో వెర్కాడా అను సంస్థకు చెందిన దాదాపు 1,50,000 కెమెరాల దృశ్యములు పరుల కంటబడినవి. ఆసుపత్రులు, పాఠశాలలు, జైళ్ళు అందులో నుండినవి. నిర్వాహకుని ఖాతా వివరములు ఇంటర్‌నెట్టులో బహిరంగముగా లభించుటయే దానికి కారణము. అన్ని ఇండ్లను తెరచు ఒకే చెవిని తయారుచేసి, దానిని పోగొట్టుకొనుట యనగా ఇదియే.

నాలుగవ దారి లోపలివాని దారి. ‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అను సామెత మనకు తెలిసినదే. అమెరికాలో టెక్సస్ రాష్ట్రమున ఏ.డి.టి. అను ప్రసిద్ధ అలారము సంస్థలో పనిచేసిన ఒక సాంకేతికుడు, ఖాతాదారుల ఇండ్లకు పోయి యంత్రమును అమర్చునపుడు తన ఈమెయిలు చిరునామాను కూడ వారి ఖాతాలో చేర్చుకొనుచుండెను. పరీక్షకొరకు తాత్కాలికముగా చేర్చుచున్నానని కొందరితో చెప్పెను, కొందరితో చెప్పనేలేదు. ఈ విధముగా నాలుగున్నర సంవత్సరములలో దాదాపు 200 ఖాతాలలోనికి 9,600 సార్లకు మించి ప్రవేశించి, స్త్రీల ఏకాంతమును వారి ఇంటి కెమెరాల ద్వారానే చూచెను. 2021లో న్యాయస్థానము అతనికి 52 నెలల కారాగారశిక్ష విధించినది.

ఈ ఉదంతములో ఏ తాళమును పగులగొట్టబడలేదు. ఏ హాష్‌ను ఛేదింపబడలేదు. చిట్టాలో ఒక వరుస అదనముగా చేరినది, అంతే. ఆ వరుస చేరినపుడు యజమానికి ఒక సందేశము వెంటనే పోయియున్నచో, ఒకే ఈమెయిలు నూరు ఇండ్లలో ఎందుకు కనబడుచున్నదని చిట్టాను ఎవరైన ఒకసారి ప్రశ్నించియున్నచో, ఆ దుర్మార్గము మొదటి నెలలోనే బయటపడియుండెడిది. రక్షణకొరకు ధనము చెల్లించి తెచ్చుకొన్న కన్నే పరుని కన్నైనది.

ఖాళీ ఇండ్ల పట్టిక

రహస్యసంఖ్యను దాచిన చాలదు. అలారము ఎప్పుడు వేసిరి, ఎప్పుడు తీసిరి అను కాలపట్టిక కూడ డేటాబేసులో నుండును. ప్రతిదినము 9 గంటలకు అలారము వేసి సాయంత్రము 6 గంటలకు తీయు ఇంటిలో ఆ మధ్యకాలమున ఎవరును లేరని తెలిసికొనుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. వేసవి సెలవులలో పది దినములు వరుసగా అలారము తీయబడనిచో ఆ కుటుంబము ఊరిలో లేదని అర్థము.

మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖవారు తాళము వేసిన ఇండ్ల పర్యవేక్షణకై ఎల్.హెచ్.ఎం.ఎస్. అను ఏర్పాటును ప్రవేశపెట్టిరి. ఊరికి పోవువారు మొబైలు ఫోను ద్వారా తెలిపినచో, ఇంటిలో కెమెరాను అమర్చి, కదలిక కనిపించినంతనే కంట్రోలు రూమునకు హెచ్చరిక పోవునట్లు చేయుట దాని ఉద్దేశము. ఇట్టి ఏర్పాట్లు ప్రజలకు ఎంతయో మేలు చేకూర్చును. అందుచేతనే వాని చిట్టా మిక్కిలి అమూల్యమైనది. ఏ వీధిలో ఏ ఇల్లు ఎన్ని దినములు ఖాళీగా నుండునో తెలుపు పట్టిక కాపలావాని చేతిలో ఉన్నంతవరకు రక్ష. దొంగ చేతిలో పడినచో శిక్ష. ఎంతటి మేలైన ఏర్పాటునకైనను చిట్టా భద్రతయే ప్రాణమని దీనివలన తెలియవలెను.

చేయదగిన పనులు

గృహస్థులు ఆచరింపదగినవి కొన్ని కలవు. యంత్రమును అమర్చినదినముననే ప్రారంభపు సంఖ్యలన్నింటిని మార్పించవలెను. జన్మసంవత్సరమును, వాహన సంఖ్యను వాడరాదు. ఇంటిలోని వారికి, పనివారికి వేరువేరు సంఖ్యలు ఇచ్చినచో, ఒకరు మానివేసినపుడు వారి సంఖ్యను మాత్రము తొలగింపవచ్చును. ఎవరు ఎప్పుడు వచ్చిరో కూడ తెలియును. ఒకచోట వాడిన పాస్‌వర్డును మరియొకచోట వాడరాదు. 2019లో అమెరికాలో రింగ్ కెమెరాల ద్వారా అపరిచితులు ఇండ్లలోని పిల్లలతో మాటలాడిన భయంకర సంఘటనలకు ఇట్టి పునర్వినియోగమే దారితీసినది. మరుసటి సంవత్సరము ఆ సంస్థ పాస్‌వర్డుతో పాటు రెండవ సంఖ్యను కూడ తప్పనిసరి చేసెను. నెలకొకసారి ఖాతా తెరచి, అందు చేర్చబడిన పేర్లను చదివి చూచుట అన్నింటికంటె సులభమైన జాగ్రత్త.

సాఫ్ట్‌వేరు నిర్మించువారి బాధ్యత ఇంతకంటె గొప్పది. ఉద్యోగికి తన పనికి కావలసినంత మేరకే చిట్టా కనబడవలెను. పలువురు కలిసి ఒకే ఖాతాను వాడరాదు. ఎవరు ఏ వివరమును చూచిరో నమోదు కావలెను. ఆ నమోదును చూచినవాడే తుడిచివేయుటకు వీలుండరాదు. చిట్టా నకళ్ళకు కూడ అసలుకు ఉన్నంత రక్షణ కావలెను. ఖాతాదారు సేవను మానుకొన్నపుడు అతని వివరములను తొలగింపవలెను. లేనిదానిని ఎవడును దొంగిలింపలేడు గదా! 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తగిన భద్రతా చర్యలు తీసికొననివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్ణయించినది. చట్టభయము కొంత పనిచేయును. కర్తవ్యబుద్ధి అంతకంటె ఎక్కువ పనిచేయును.

ఈ విషయము అలారములకే పరిమితము కాదని విజ్ఞులగు కళాశాల కమిటీ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఏ విద్యాసంస్థ కార్యాలయమునందైనను నేడు విద్యార్థుల ఫోను సంఖ్యలు, చిరునామాలు, బ్యాంకు ఖాతాలు, ఉపకారవేతనపు దరఖాస్తులు కంప్యూటరులోనే ఉండును. ప్రత్యేకించి విద్యార్థినుల తల్లిదండ్రులు తమ బిడ్డల వివరములను మనపై నమ్మకముతో అప్పగించుచున్నారు. ఆ కంప్యూటరు పాస్‌వర్డు ఎవరెవరికి తెలియును, ఉద్యోగము వదలిపోయిన వారికి అది ఇంకను తెలిసియున్నదా అని సంవత్సరమునకు ఒకమారైనను విచారించుట శ్రేయస్కరము. దీనికి ధనవ్యయము లేదు, శ్రద్ధ చాలును.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు రేపు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, విదేశములలోనో సాఫ్ట్‌వేరు రంగమున స్థిరపడనున్నారు. మీరు ఎన్నడును చూడని ఇండ్ల తాళములు మీ చేతులలో నుండును. ఆ ఇండ్లలో నిద్రించు పసివారికి మీ పేరు తెలియదు. మీకును వారి ముఖము తెలియదు. అయినను, పూర్వము ఊరికి పోవువారు తాళపుచెవిని ఏ నమ్మకముతో పొరుగువారి చేతిలో పెట్టిరో, ఆ నమ్మకమే నేడు మీ చేతిలోనికి వచ్చుచున్నది. చిట్టాలో ప్రతి వరుస వెనుక ఒక గుమ్మము కలదనియు, ఆ గుమ్మము వెనుక ఒక కుటుంబము కలదనియు స్మరించి పనిచేయువాడే నిజమైన కావలివాడు.